వెనక్కి వచ్చిన ఫోటో

ముప్పై ఒక్క ఏళ్ళలో నా చేతి ఫోటో వెనక్కి వచ్చింది ఒక్కసారే. ఆ ఒక్కసారి సంగతే చెప్పబోతున్నాను. గొప్ప కోసం కాదు. కడుపులో పెట్టుకుని తిరగడం నా వల్ల కాక చెప్తున్నాను.

మాది ఫోటో స్టూడియో. కింద దుకాణం, పైన రెండు గదుల ఇల్లు. మా ఆయన పోయినప్పటి నుంచీ నేనే నడుపుతున్నాను. మా అబ్బాయికి ఈ పని అబ్బలేదు. వాడు అట్టపెట్టెలు అచ్చువేసే ప్రెస్సులో షిఫ్టుకి వెళ్తాడు. ఈ పని అబ్బింది నా కోడలికి. నేను చెప్పదలుచుకున్నది ఆ పిల్ల గురించే.

కోడలిగా రాకముందు ఆ పిల్ల మా దుకాణానికి గిరాకీగా వచ్చింది, ఏదో ఉద్యోగానికి దరఖాస్తు పెట్టుకోవాలి, ఫోటో కావాలని. స్టూలు మీద కూర్చోబెట్టి ఏడుసార్లు నొక్కాను. ఏడుసార్లూ కళ్ళు మూసింది. ఏమ్మా అంటే, ఒకవేళ మూసుకుంటానేమోనని భయపడుతుంటే నిజంగానే మూసుకుపోతున్నాయండీ అంది. ఎనిమిదోసారి, సరిగ్గా అప్పుడే మావాడు లోపలికి వస్తూ లైటు స్టాండుని తన్ని పడేశాడు. ఆ చప్పుడుకి పిల్ల కళ్ళు ఇంతింత చేసుకుని చూసింది, నేను నొక్కేశాను. ఆ ఫోటోతో ఉద్యోగం రాలేదు గానీ మొగుడు దొరికాడు.

ఏ మాటైనా 'ఒకవేళ' అనకుండా మొదలుపెట్టదు. ఒకవేళ తాళం పడలేదేమోనని షట్టరు మూడుసార్లు లాగి చూస్తుంది. ఒకవేళ ఒకవైపు చెరిగిపోతే ఎలా అని కవరుకి రెండువైపులా పేరు రాస్తుంది. అందుకని నేనే దానికి ఒకవేళమ్మ అని పేరు పెట్టాను. నవ్వేసేది తప్ప ఏమీ అనేది కాదు. ఉన్నమాట చెప్పుకోవాలి, అది వచ్చాక మా దుకాణంలో ఒకరి ఫోటో ఇంకొకరి కవరులో పడింది లేదు.

కడుపుతో ఉందని తెలిసిన రోజు నుంచీ ఆ ఒకవేళలన్నీ పిల్లలు పెట్టాయి. ఆరో నెలలో మమ్మల్ని మూడుసార్లు ఆసుపత్రికి పరిగెత్తించింది. బిడ్డ కదలడం లేదని ఒకసారి, మరీ ఎక్కువ కదులుతోందని ఇంకోసారి, ఎప్పటిలాగే కదులుతోంది కానీ అలా కదలొచ్చా అని మూడోసారి. డాక్టరమ్మ ప్రతిసారీ ఓపిగ్గా చూసి, లోపల బిడ్డ హాయిగానే ఉంది, మీరే కాస్త హాయిగా ఉండడం నేర్చుకోండి అని పంపించింది. ఇంటికొచ్చి మళ్ళీ దిండుకి ఆనుకుని తెల్లారేదాకా కూర్చునేది. తిన్నది ఒంటపట్టడం లేదు. చూస్తూ ఊరుకోవడం నాకు చేతకాదు.

ఒకరోజు షట్టరు దించి టీ తాగుతూ చెప్పేశాను.

"చూడమ్మాయ్, ఇవాళ్టి నుంచి రోజుకి ఒక్క భయం. ఒక్కటే. ఏది కావాలో నువ్వే ఎంచుకో. అది నాకు చెప్పు, చెవులప్పగించి వింటాను. మిగతావి కాగితం మీద రాసి ఇందులో పడెయ్."

పాత ఫిలిం రీలు డబ్బా ఒకటి దాని చేతిలో పెట్టాను. బొటనవేలంత డబ్బా, నల్ల మూత. ఇప్పుడు వాటితో పనేముంది, సొరుగు నిండా పడి ఉన్నాయి.

"ఒకవేళ ఒకేరోజు రెండు పెద్ద భయాలొస్తే, అత్తయ్యా?"

"రెండోది రేపటికి దాచుకో. రేపటికి అదే చిన్నదైపోతుంది."

ఆ కిటుకు ఎంత బాగా పనిచేసిందంటే నాకే ముచ్చటేసింది. వారం తిరిగేసరికి పిల్లకి నిద్ర పట్టింది. రోజూ సాయంత్రం టీ దగ్గర ఒక భయం చెప్పేది, నేను దానికో జవాబు చెప్పేదాన్ని, ఇద్దరం నవ్వుకునేవాళ్ళం. మిగతావి డబ్బాలోకి పోయేవి. మావాడు కూడా మెచ్చుకున్నాడు. ఫోటో కోసం వచ్చే కడుపుతో ఉన్న ఆడవాళ్ళందరికీ ఈ చిట్కా చెప్పి పంపేదాన్ని. నా అంత తెలివిగలది ఇంకొకతి లేదనుకున్నాను.

ఇంకో అలవాటు కూడా ఉండేది. అయిదో నెల నుంచి ప్రతి ఆదివారం పొద్దున కోడలిని అదే స్టూలు మీద, అదే బూడిదరంగు తెర ముందు, అదే వెలుతురులో కూర్చోబెట్టి ఒక ఫోటో తీసేదాన్ని. పుట్టబోయేవాళ్ళకి రేపు చూపించుకోవాలని సరదా. కంప్యూటరులో దాన్ని సర్ది, అచ్చువేసి, కౌంటరు వెనక గోడకి కట్టిన తాడుకి క్లిప్పు పెట్టేదాన్ని. వచ్చినవాళ్ళు చూసి, మీ కోడలు ఎంత కళగా ఉందో అనేవారు.

సర్దడమంటే ఏమిటో చెప్పాలి. మేం దాన్ని టచింగ్ అంటాం. మా ఆయన రోజుల్లో నెగటివ్ మీద సన్న పెన్సిలుతో చేసేవాళ్ళం, ఇప్పుడు మౌసుతో. కళ్ళ కింద ఉబ్బు తీసెయ్యడం, బుగ్గని కాస్త లోపలికి నొక్కడం, దవడ కింద గీత తేల్చడం. చెయ్యమని ఎవరూ అడగరు. చెయ్యకపోతే మాత్రం, నేను ఇలా ఉన్నానేమిటని కౌంటరు దగ్గర దెబ్బలాటకి దిగుతారు. నేను రేడియో వింటూ చేసేస్తాను, ఫోనులో మాట్లాడుతూ చేసేస్తాను. కన్ను చూడకపోయినా చెయ్యి దారి తప్పదు. ఆ చేతిని చూసుకుని చాలా గర్వపడేదాన్ని.

తొమ్మిదో నెల దగ్గరపడేసరికి బడులు తెరిచారు. పిల్లల గుర్తింపు కార్డుల ఫోటోలంటే రోజుకి నూటయాభై మంది. కోడలు కెమెరా దగ్గర, నేను కంప్యూటరు దగ్గర. పైకెళ్ళి పడుకో అంటే, కూర్చుని నొక్కడమే కదా అత్తయ్యా అంది. ఆ వారం ఆసుపత్రిలో చూపించుకోవాల్సిన రోజు వచ్చింది. కాన్పుకి పేరు రాయించే కాగితాలు ఎలాగూ వచ్చే వారం ఇవ్వాలి కదా, రెండూ ఒకేసారి చూసుకుందాంలే అన్నాను. ఆ మాట నేనే అన్నాను, ఎవరి మీదకీ నెట్టను. తన చెప్పులు కాళ్ళకి పట్టక మొగుడి చెప్పులు వేసుకుని తిరుగుతుంటే, చెప్పులు వేసుకున్నావు సరే, వాడి షిఫ్టుకి కూడా నువ్వే పో అని వేళాకోళం చేశాను. నెలలు నిండినప్పుడు కాళ్ళు పొంగడం మామూలేనని అందరూ అంటారు. నేనూ అన్నాను.

మంగళవారం పొద్దున ఇద్దరం ఆసుపత్రికి బయల్దేరాం. కాగితాలకి జతగా ఆదివారం ఫోటోనే చిన్న సైజులో అచ్చువేసి కవరులో పెట్టాను. కోడలు జడ వేసుకుంటూ అంది.

"అత్తయ్యా, ఇవాళ్టి భయం ఇప్పుడే చెప్పేస్తాను. ఒకవేళ వాళ్ళు ఈ ఫోటో తీసుకోకపోతే?"

పడీపడీ నవ్వాను. భయపడ్డానికి ఇంకేమీ దొరకలేదా పిల్లా అన్నాను. నా ఫోటో కాదనే మొనగాడు ఇంకా పుట్టలేదన్నాను. అది కూడా నవ్వింది. మెట్లు దిగుతూ మధ్యలో గోడ పట్టుకుని కాసేపు ఆగింది. ఆయాసమనుకున్నాను.

ఆసుపత్రిలో పేర్లు రాసుకునే కిటికీ దగ్గర గుమాస్తా ఒకాయన ఉన్నాడు, ముక్కు చివరికి జారిన కళ్ళద్దాలతో. కాగితాలు ఒక్కొక్కటే తిప్పి చూశాడు. ఫోటో చేతిలోకి తీసుకుని కళ్ళద్దాల పైనుంచి కోడలి వైపు చూశాడు. మళ్ళీ ఫోటో చూశాడు.

"ఈ ఫోటో ఈవిడది కాదమ్మా. చెల్లెలిదేమో, పొరపాటున తెచ్చినట్టున్నారు."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. మొన్న ఆదివారం నా చేత్తో నేను తీశాను, నా కోడల్ని నేనెరగనా అన్నాను. ఊళ్ళో సగం కార్డులు నా చేతి మీదుగా పోయాయన్నాను. నీ జేబుకి వేలాడుతున్న కార్డు మీద ఫోటో కూడా నేను తీసిందేనేమో తిప్పి చూసుకో అన్నాను. వెనక వరసలో వాళ్ళు విసుక్కుంటున్నారు. ఊరుకోండి అత్తయ్యా అని కోడలు చెయ్యి పట్టుకుని లాగుతోంది. ఆయన మాత్రం కోప్పడలేదు. ఫోటోని కిటికీ కన్నంలోంచి నా వైపుకి తోశాడు.

"మీరే పక్కన పెట్టి చూడండి."

చూపిస్తానుండు అనుకుని ఫోటో తీసి కోడలి చెంప పక్కన పట్టాను. పక్క కిటికీలోంచి పొద్దుటి వెలుతురు నేరుగా దాని మొహం మీద పడుతోంది. అప్పుడు చూశాను.

కనురెప్పలు వాచి కళ్ళు సగానికి మూసుకుపోయి ఉన్నాయి. ముక్కు వెడల్పయింది. పెదవులు లావెక్కాయి. చెంపకీ మెడకీ మధ్య గీతే లేదు. ఆ గీత ఫోటోలో ఉంది. ఆ గీత గీసింది నేను. ఇదే మొహానికి పొద్దున ఎదురుగా నిలబడి టీ అందించాను. ఇదే మొహాన్ని మొన్న కంప్యూటరు తెర మీద నాలుగింతలు పెద్దది చేసుకుని కూర్చున్నాను. కళ్ళున్న మనిషినే, కళ్ళతోనే బతుకుతున్న మనిషిని, నాకు కనపడలేదు.

గుమాస్తా అప్పటికే లేచి లోపల నర్సుని పిలిచాడు. మొహం వాచి ఫోటోకి కుదరకపోవడం ఈ కిటికీ దగ్గర ఇదివరకు కూడా చూశానమ్మా, అందుకే పిలిచాను అని తర్వాత చెప్పాడు.

నర్సు కోడలిని బెంచీ మీద కూర్చోబెట్టి చేతికి పట్టీ చుట్టి రక్తపోటు చూసింది. అంకె చూసి మళ్ళీ చుట్టింది. నూట డెబ్బై ఎనిమిది, నూట పన్నెండు. నాకు అంకెలు అర్థం కాలేదు గానీ నర్సు మొహం అర్థమైంది. తలనొప్పి ఉందా అని అడిగింది. కోడలు ఆమెకి జవాబు చెప్పకుండా నా వైపు చూసింది, చెప్పనా అన్నట్టు.

"చెప్పమ్మా" అన్నాను.

"రెండు రోజుల్నుంచి. పగిలిపోతోంది."

"మరి నాతో ఎందుకు చెప్పలేదే?"

"ఇవాళ్టిది ఫోటో గురించి అయిపోయింది కదత్తయ్యా."

నిష్ఠూరంగా అన్న మాట కాదది. నియమం ప్రకారం నడుచుకున్నాను కదా అన్నట్టు అంది. దాని పక్కనే కూలబడ్డాను. కళ్ళ ముందు ఏమైనా మెరుస్తున్నాయా అని నర్సు అడిగింది. మెరుస్తాయి కానీ అవి రోజంతా ఫ్లాషు కొట్టడం వల్లనండీ, మాది ఫోటో స్టూడియో అని చెప్పింది కోడలు. ఇక్కడ ఫ్లాషు లేదు కదమ్మా, ఇప్పుడూ మెరుస్తున్నాయా అంది నర్సు. కోడలు ఎదురుగా ఉన్న తెల్లగోడ వైపు కాసేపు చూసింది. మెల్లగా తలూపింది.

ఆ తర్వాత అంతా ఎవరో నన్ను గబగబా లాక్కుపోతున్నట్టు జరిగింది. చక్రాల మంచం వచ్చింది. డాక్టరమ్మ వచ్చింది. రక్తపోటు హద్దు దాటింది, ఏ క్షణంలోనైనా మూర్ఛ రావచ్చు, తల్లికీ బిడ్డకీ ఇద్దరికీ ప్రమాదం, మందు ఎక్కించి సాయంత్రంలోగా ఆపరేషన్ చేసి బిడ్డని తీసెయ్యాలి అని చెప్పింది. ఇంకొక్క రోజు ఇంట్లో ఉండి ఉంటే ఏమయ్యేదో చెప్పలేనంది. అప్పుడు అడిగింది, మొహం ఎప్పటి నుంచి వాచింది అని.

తెలియదన్నాను.

ఒకే ఇంట్లో ఉంటారు కదా అంది. అవునన్నాను.

ఫోను చేస్తే మావాడు ప్రెస్సు నుంచి సిరా చేతులతోనే వచ్చాడు. బట్టలూ, పాత రిపోర్టులూ తీసుకురమ్మని నన్ను ఇంటికి పంపాడు. నేను మెట్లెక్కలేదు. దుకాణంలోకి వెళ్ళి కంప్యూటరు తెరిచాను. టచింగ్ చెయ్యని అసలు ఫోటోలు అందులో వేరుగా ఉంటాయి. ఆఖరి ఐదు ఆదివారాలవి తెర మీద వరసగా పెట్టాను. మొదటిదానిలో ఉన్నది నా కోడలు. మూడోదానిలో కళ్ళ కింద ఉబ్బింది. నాలుగోదానిలో దవడ మాయమైంది. ఐదోది చూసి కుర్చీలోంచి లేచిపోయాను. తలెత్తితే గోడ మీద తాడుకి అవే ఐదు ఫోటోలు, ఐదింటిలోనూ ఒకటే మొహం. ప్రమాదం వారం వారం వచ్చి పిల్ల మొహం మీద కూర్చుంటే, వారం వారం నేను దాన్ని శుభ్రంగా తుడిచిపెట్టాను. కంచే చేను మేసిందంటారు. మేసిన కంచెకి మేస్తున్న సంగతైనా తెలిసి ఉంటుంది, నాకు అదీ తెలియలేదు.

కోడలి సొరుగు తెరిచాను. డబ్బా ఒక్కటే అనుకున్నాను. ఐదున్నాయి. ఐదూ కిక్కిరిసి, మూతలు పట్టక రబ్బరు బ్యాండ్లు వేసి ఉన్నాయి. వాటిని సంచిలో వేసుకుని, బట్టలు సర్దుకుని మళ్ళీ పరిగెత్తాను.

ఆపరేషన్ గది బయట మావాడికి జరిగినదంతా చెప్పాను. తిడతాడనుకున్నాను. తిట్టినా బాగుండేది. "నేనూ రోజూ చూశానమ్మా" అన్నాడు, అంతే. సాయంత్రం ఆరు దాటాక ఆడపిల్ల పుట్టింది. కిలో తొమ్మిది వందలు. గుప్పెడు మొహం పెట్టుకుని గట్టిగానే ఏడ్చింది. గాజుపెట్టెలో పెట్టారు. తల్లికి మాత్రం రక్తపోటు దిగలేదు. వేరే గదిలో లైట్లు తగ్గించి ఉంచారు, రేపటిదాకా ఏమీ చెప్పలేమన్నారు. కాన్పయితే గండం గడిచినట్టేనని ఇన్నాళ్ళూ అనుకున్నాను. కాదట.

ఆ రెండు రోజులూ వరండాలో బెంచీ మీద కూర్చుని డబ్బాలు ఒక్కొక్కటే తెరిచాను. సన్నగా చుట్టిన చీటీలు, దాని ముత్యాల్లాంటి అక్షరాలు. మొదటి డబ్బాలో, ఒకవేళ బిడ్డకి నా ముక్కు వస్తే? ఒకవేళ అత్తయ్యలా గురక పెడితే? నవ్వొచ్చింది, నవ్వుతుంటే ఏడుపొచ్చింది. రెండో డబ్బా, మూడో డబ్బా అలాంటివే. నాలుగో డబ్బాలో ఒకవేళలు తగ్గిపోయాయి.

"ఉంగరం రావడం లేదు. సబ్బు రాసినా రాలేదు. ఇవాళ్టిది అయిపోయింది."

"కెమెరాలో పిల్లల మొహాల మీద చుక్కలు కనిపిస్తున్నాయి. లెన్సు తుడిచాను. లెన్సు బాగానే ఉంది."

"పక్కటెముకల కింద నొప్పి. రేపు చెప్పాలి. కానీ రేపు బిడ్డ తల కిందికి తిరిగిందో లేదో అడగాలి, అది ముఖ్యం. కాబట్టి ఎల్లుండి."

జీవితమంతా ఒకవేళ ఒకవేళ అంటూ భయపడిన పిల్ల, నిజంగా భయపడాల్సిన రోజు వచ్చేసరికి నా మాట విని బుద్ధిగా వరసలో నిలబడింది. నాకు ఐదో డబ్బా తెరిచే ధైర్యం లేకపోయింది.

మూడో రోజుకి అంకెలు దిగాయి. కోడలు కళ్ళు తెరిచి, చుక్కలు పోయాయంది. చక్రాల కుర్చీలో తీసుకెళ్ళి గాజుపెట్టెలో బిడ్డని చూపించారు. ఒకవేళ చలేస్తోందేమో అంది. మావాడు గోడ వైపు తిరిగి కళ్ళు తుడుచుకున్నాడు. ఆసుపత్రి కార్డు మీద ఫోటో ఇంకా బాకీ ఉంది కాబట్టి నేను కెమెరా తెచ్చి మంచం మీదే తీశాను. ఫ్లాషు వెయ్యలేదు. ఇంటికెళ్ళి అచ్చువేసేటప్పుడు నా చెయ్యి దానంతటదే కళ్ళ కిందికి వెళ్ళింది. మౌసు తీగ పీకేసి, ఉన్నది ఉన్నట్టు అచ్చువేశాను. గుమాస్తా ఈసారి ఫోటో చూసి, మారుమాట లేకుండా అతికించి ముద్ర వేశాడు.

ఆ సాయంత్రం మంచం పక్కన కూర్చుని ఐదో డబ్బా తెరిచాను. అన్నిటికన్నా పైన ఉన్నది ఆఖరి చీటీ. సోమవారం అని రాసి ఉంది, అంటే మేం ఆసుపత్రికి వచ్చిన ముందురోజు.

"పొద్దున అద్దంలో మొహం వాచినట్టు కనిపించింది. చాలా భయమేసింది. కిందికి వెళ్ళి గోడ మీద ఆదివారం ఫోటో చూశాను. అందులో మామూలుగానే ఉన్నాను. అత్తయ్య కంటికి కనపడనిది ఉండదు. దీన్ని భయాల్లో కలపనక్కర్లేదు."

ఎన్నిసార్లు చదివానో తెలియదు. ఏమైందత్తయ్యా అని కోడలు అడిగింది. దాచేద్దామనుకున్నాను, మళ్ళీ దాని వైపే చాపాను. చీటీ అది తీసుకుని చదివింది. దాని మొహంలో వాపు సగం తీసింది, దవడ గీత కొద్దికొద్దిగా బయటపడుతోంది.

"అవునత్తయ్యా," అంది, నేనేదో మేలు చేసినట్టు నా చెయ్యి పట్టుకుని. "ఆ ఫోటో చూశాకే కదా ఆ రాత్రి నాకు కాస్త నిద్ర పట్టింది."

చీటీని మళ్ళీ సన్నగా చుట్టి నా చేతిలో పెట్టింది.